యాభై ఫిల్సు పీనుగులు

గురువారం రాత్రి, హవల్లీలో,
కార్డులాడే అంగడి ముందర బండాపి
పిలగాని కోసరం కాచుకోనుండేది నా పని.
ఆడేదానికి ఎవురూ రాకపోతే నన్ను పిలుస్తాడు.
మిషారికి ప పలకదు. నేను పెంచలయ్యను,
వాని నోట్లో బెంచల్.

వానిది డ్రాగన్ల కట్ట. అందులో ఒక్క కార్డు
నా నెల జీతంలో సగం.
నాది జాంబీల కట్ట.
గల్లాపెట్టె కాడ అట్టపెట్టెలో
ఏదైనా యాభై ఫిల్సని పోసినవి కొన్ని,
ఊరికే దొరికినవి కొన్ని.
అరవై లెక్కకు నాలుగు తక్కువైతే
ఆ వారం టీ మానుకుంటి.

బొమ్మలో దవడ జారింటాది, బలం రెండే.
కొడితే పడిపోతాది. పడనీ.
పడినోళ్ళందరూ పక్కన కుప్పలో పండుకోనుంటారు,
ఎండాకాలం మధ్యాన్నం మా గదిలో మాదిరి.
ఆనక ముసలి కాటికాపరి కార్డొకటి దిగుతాది,
"లేయండ్రా, డూటీ" అంటాది.
అంతే.

డ్రాగనుకు రెక్కలుండాయి, పొగరుండాది,
ఒక్కసారి సచ్చి ఊరుకునే తెలివీ ఉండాది.
మావోళ్ళకు అది రాదు.

నిన్న పిలగాడు ఓడిపాయ.
చానాసేపు నా కట్ట తిరగేసి,
"బెంచల్, ఈ కాటికాపరిని యాడ కొంటివి?"

కొనలా. నీ బండే, ఎనక సీటు కింద.
నువ్వు పారేసిందే.

ఇంటిదాకా మాట్లాడలా.
నాలుగో రింగురోడ్డు సిగ్నల్ కాడ మాత్రం
అద్దంలో వాని తల కనపడలా.
వంగి, సీటు కింద చేయిపెట్టి
తడువుకుంటా ఉండాడు.