కంబళి ఖరీదు

మచాకోస్‌లో ఆ ఏడు వానలు ఆలస్యం.
కచేరీ వరండాలో బల్ల వేశారు.
బల్ల మీద చిట్టా, సిరా మెత్త, ఇనప్పెట్టె.
పక్కన నేను.
మాటని ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి దాటించడం నా పని.
దొరది ఇంగ్లీషు, వచ్చేవాళ్ళది కికంబా,
రెంటి మధ్య మిషను బడి పెట్టిన నాలుక నాది.

యుద్ధం ఆగి నాలుగేళ్ళు.
నడిచినన్నాళ్ళూ జీతాలు రూపాయల్లో రాశారు.
ఆగాక రూపాయి చెల్లదన్నారు,
ఫ్లోరిన్ అన్నారు, ఏడాది తిరక్కుండా షిల్లింగు అన్నారు.
మోసినవాడి భుజం మీది కాయ మాత్రం
ఏ నాణెంలోకీ మారలేదు.

పొద్దున ముగ్గురొచ్చారు.
ఒకడి మెడలో రేకుబిళ్ళ ఉంది, దాని మీద అంకె అరిగిపోయింది.
ఒకడికి అంకె నోటికొచ్చు, బిళ్ళ లేదు.
మూడోవాడు బిళ్ళా అంకే రెండూ తెచ్చాడు,
చిట్టాలో అతను చచ్చిపోయాడు.
"మళ్ళీ రమ్మను" అన్నాడు దొర.
ఎప్పుడు రావాలో, ఎవరిగా రావాలో చెప్పలేదు.

ఎండ వాలాక సియోంబువా వచ్చింది.
ఆ పేరులో వాన ఉంది.
దొర ఆకాశం వైపు చూడలేదు, నేను చెప్పలేదు కనక.
కొడుకు న్జియోకాని తూటాల పెట్టెలు మొయ్యడానికి తీసుకెళ్ళారు.
సంచులల్లే చేతులు ఆమెవి.
బావొబాబ్ నారతో తాడు పేని
నెలవంక కనపడినప్పుడల్లా ఒక ముడి వేసింది.
ఇరవై మూడు.
ఆ తర్వాత యుద్ధం అయిపోయిందని ఎవరో చెప్తే ఆపింది.

చిట్టాలో వేలు పెట్టి వెతికాను.
పేరు మూడు రకాలుగా రాసి ఉంది,
అందులో ఒక్కటీ తల్లి పిలిచేది కాదు.
పదకొండు నెలలు. ఆ పక్కన గళ్ళు ఖాళీ.
చివర పెన్సిలుతో: ఆచూకీ లేదు.

ఆమె వెనక నిలబడ్డ మ్వోలోలో ముందుకొచ్చాడు.
"రుఫీజీ దగ్గర. రక్త విరేచనాలు.
నా బరువు యాభై పౌన్లు, వాడిది యాభై,
రెండూ నేనే ఎత్తుకున్నాను.
వాణ్ణి కంబళిలో చుట్టి పూడ్చాం. వేరే గుడ్డ లేదు."
నేను దాటించాను.
ఆవలి ఒడ్డు చేరేసరికి అది
సాక్షి ఉన్నాడు, కాగితం లేదు, అయింది.

దొర చెడ్డవాడు కాదు, ఆ సంగతీ రాయాలి.
చలిజ్వరంతో వణుకుతూనే లెక్క కట్టాడు.
నెలకి ఐదు చొప్పున పదకొండు నెలలకి యాభై ఐదు రూపాయలు.
వాపసివ్వని కంబళికి నాలుగు కోత.
యాభై ఒకటి. షిల్లింగుల్లో నూట రెండు.
"చెప్పు" అన్నాడు.

అన్నీ చెప్పాను, కంబళి తప్ప.
మ్వోలోలో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు.
"ఇంకో ఎనిమిది ఏవి?"
అప్పుడు చెప్పక తప్పలేదు.

ఆమె ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు.
"అది ఇంకా వాడి ఒంటి మీదే ఉందిగా" అంది,
"తవ్వి తెచ్చుకోమను."
ఆ మాట నా దగ్గరే ఆగిపోయింది.
"ఒప్పుకుంది" అన్నాను దొరతో.

నేనే ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది
పూర్తిగా ముట్టింది అన్న గడిలో నొక్కించాను.
ఎంత గరుకు వేలో, ముద్రలో గీతల కంటే కోతలెక్కువ.

ఆమె డబ్బు లెక్క చూసుకోలేదు.
వరండా మెట్టు మీద కూర్చుని తాడు ఒళ్ళో పెట్టుకుంది.
గోటితో ఒక్కో ముడీ విప్పింది.
సిరా అంతటా అంటింది.
పదకొండు విప్పాక ఆగింది.
విప్పిన చోట నార ఇంకా వంకరగానే ఉంది.
మిగతా పన్నెండూ అలాగే ఉంచి
నడుముకి చుట్టుకుని లేచింది.

"తర్వాతెవరు?" అన్నాడు దొర.

నా జీతం నెలకి నలభై షిల్లింగులు.
ఒకటో తేదీ దాటి ఎప్పుడూ ఆగలేదు.
నేను బతికే ఉన్నానని ఎవరూ సాక్ష్యం అడగలేదు.
ఆమె ఊరు నాకు తెలుసు, ఒక పూట నడక.
ఎనిమిది షిల్లింగులు విడిగా మూటగట్టాను కూడా.
ఆదివారం వెళ్దామనుకున్నాను.
శనివారం రాత్రి వానలు మొదలయ్యాయి.