ఉత్తరం హద్దు

చీపురుపల్లిలో రిజిస్ట్రారాఫీసు గోడవార
మా రేకుల షెడ్డు.
నా బల్లకీ, పార్టీలు కూర్చునే బెంచీకీ నడుమ
నాలుగడుగుల దారి,
టీ గ్లాసులు మోసుకుంటూ పైడిరాజు తిరిగే దారి.
అందుకే వైరు వద్దన్నాను.

తవిటినాయుడు పాత టీవీ ఒకటి తెచ్చి
బెంచీ పక్కన స్టూలు మీద నిలబెట్టాడు.
"మరి నెట్టు?"
"నెట్టుతో పనేటండి,
ఇదీ అదీ నేరుగా మాటాడుకుంటాయి,
మధ్యవర్తి లేకుండా."

మధ్యవర్తి లేని మాట
ఈ ప్రహరీ పక్కన వినడం
నాకదే మొదలు.

వెతికితే గాలిలో ఉన్న పేర్లన్నీ వరసకట్టాయి.
ఒకటి నొక్కాను.
రోడ్డవతల టిఫిన్ సెంటర్లో
క్రికెట్ ఆగిపోయి
గొర్లె వారి పంపకాల కాగితం ప్రత్యక్షమయింది.
ఇడ్లీ తింటున్న వాళ్ళ పెద్ద కోడలు
చెయ్యి కడుక్కోకుండానే వచ్చేసింది.

తవిటినాయుడు నాలిక్కరుచుకుని
మళ్ళీ మొదలెట్టాడు.
ఈసారి టీవీ మీద ఎనిమిదంకెలు వెలిగాయి,
అవే అంకెలు నన్నిక్కడ కొట్టమంది,
సాక్షిని ఊరూ పేరూ అడిగినట్టు.
ఆ పద్ధతి నచ్చింది నాకు.

"డూప్లికేటా, ఎక్స్‌టెండా?" అన్నాడు.
తలుపు దగ్గరగా వెయ్యమన్నాను.
మా వృత్తిలో అది జైలు మాట.
"అది కాదండీ!
డూప్లికేటంటే మీరు చూసిందే ఆళ్ళూ చూస్తారు.
ఎక్స్‌టెండైతే మీది మీకే ఉంటాది,
చూపాలన్న ముక్కే అటు జరుపుతారు."

ముప్పై ఒక్క ఏళ్ళు
నేను చేసింది ఆ రెండోదే.
"చదివి వినిపించగా విని సమ్మతించి" అని రాసి,
వక్కపలుకు బుగ్గన పెట్టుకుని,
తూర్పు నుంచి ఉత్తరం దాకా
ఒక్క ఊపిరిలో దాటేసేవాణ్ణి.
అవతల బొటనవేలు
అప్పటికే సిరా పూసుకుని ఉండేది.

డూప్లికేటే నొక్కాను. ఎందుకో తెలీదు.
బహుశా అది పైనుంది.

మొదటి పార్టీ కెల్ల సన్యాసమ్మ.
నలభై సెంట్ల మెట్టు, చెల్లెలికి దానం.
నా మౌసు కదిలిన అర క్షణానికి
అక్కడ బాణం కదిలేది,
పిలిస్తే ఆలోచించి పలికే మనిషిలా.
ఆవిడ బెంచీని స్టూలు దగ్గరికి ఈడ్చుకుంది.
రాత్రిబడి అక్షరాలు
చూపుడువేలితో తడుముతూ
గుణింతం దగ్గర ఆగి, ఒత్తు దగ్గర దిగి
నడుస్తోంది.

నేను మూడో పేజీకి పోయాను.
"ఉండు బాబూ" అంది.
వెనక్కొచ్చాను.

"ఉత్తరం: రౌతు సూరప్పడు గారి మెట్టు.
ఇదేటిది?
నాకు ఉత్తరాన గెడ్డ కదా.
గెడ్డకి మనిషి పేరెలగొచ్చింది?"

మొన్న బుధవారం ఇంకెవరికో రాసిన దస్తావేజు.
పేర్లు మార్చాను, సర్వే నంబరు మార్చాను,
ఉత్తరం మార్చలేదు.

సాక్షులిద్దరూ నా వైపు చూడలేదు.
టీవీ వైపే చూస్తూ కూర్చున్నారు.
అది ఇంకా ఘోరం.

సూరప్పణ్ణి చెరిపాను.
ఇక్కడ పోయిన ఒక్కో అక్షరం
అర క్షణం ఆగి అక్కడ పోయింది.
'గె' కొట్టాను. 'డ్డ' కొట్టాను.
ఆవిడ వేలు ఎత్తలేదు.
"వానాకాలం నీరుంటాది, అదీ రాసీ."
అక్కర్లేదని చెప్పబోయి
రాసేశాను.

రెండు గంటలకి ఆఫీసు సర్వర్ పడిపోయింది.
జనం చెట్ల కిందికీ, బస్సులకీ చెదిరారు.
రేపు రమ్మంటే
సన్యాసమ్మ చెప్పులు వెతుక్కుంటూ
"గెడ్డ ఎక్కడికీ పోదులే" అంది.
మా రెండు తెరల మీదా అది
కదలకుండా ఉంది.

పొద్దువాలాక లింకు తెంపాను.
టీవీ నల్లబడ్డాక కనిపించింది:
సరిగ్గా ఉత్తరం ఉన్నచోట
సిరా లేని వేలిముద్ర.

తవిటినాయుడు తడిగుడ్డ తీశాడు.
"ఉండనీరా" అన్నాను.
బీరువాలో పాత ప్రతులున్నాయి, సంవత్సరాల వారీగా.
తాళం ఏ జేబులో ఉందో
ఇంకా వెతుకుతున్నాను.