మోకు

నోటీసు మరాఠీల ఉంది.
బడి గోడకు నేనే అంటువెట్టిన, నేనే చదివి చెప్పిన.
పదో తరగతి దాకా ఆ అక్షరాల్ల చదివినందుకు
మొగిలివాయికి దుబాసిని నేను.

"నదీతట పర్యటన సంకుల్" అన్న.
"సంకెలనా బిడ్డా?" అన్నది జాడి ఎల్లుబాయి.
కాదన్న. హోటలన్న, పడవలన్న,
పొద్దుగూకుడు చూసెటోళ్ళకు కుర్చీలన్న.
"పొద్దు మనకాడ దినాం గూకుతనే ఉన్నది గద.
ఎన్నడన్న కుర్చీ అడిగిందా?"

అబద్ధమెందుకు,
మా మరిదసొంటోళ్ళకు అండ్ల కొలువులిస్తమని ఒక సాలుంది.
ఆ సాలు కూడ చదివిన.
జర తొందరగ చదివిన.

తర్వాతి సాలుకాడ ఆగిపోయిన.
"రికామీ జాగా, నలభై రెండు హెక్టార్లు."
రికామీ అంటే ఖాళీ.
గంత చిన్న మాట,
తెలుగు చెయ్యనీకి నా నాలుక తిరగలే.

దీపావళి ఎల్లినంక ప్రాణహిత ఎనక్కి జరుగుతది.
జరిగినకాడ ఇసుక కొత్తగ పుడుతది.
నిరుడు నాది ఈయేడు నీళ్ళల్ల,
నిరుటి నీళ్ళు ఈయేడు నీ పుచ్చతోట.
దానికి సాత్‌బారా కాయితం లేదు,
హద్దురాయి వాతితే ఆనకాలం ఉండనియ్యదు.
ఉన్నది మోకు.

మోదుగు వేరు దంచి పేనిన మోకు. పదహారు ముళ్ళు.
ఎల్లుబాయి అత్త ఇంటి దూలానికుండె,
ఇప్పుడు ఎల్లుబాయి దూలానికున్నది.
ముడికి ముడికి నడుమ ఒక ఇంటి పాలు.
మొగడు సచ్చినదానికి నీళ్ళ పక్క ముడి,
బిందె మోసే దూరం తగ్గాలె.
కొట్లాడుకున్నోళ్ళకు పక్కపక్క ముళ్ళు, కావాలనే,
గుంతగుంతకు నీళ్ళు పోసుకుంట
ఎన్నొద్దులు మాట్లాడకుంటరు?
కడాకరి ముడి నక్కలకు. నవ్వకుండ్రి,
వాటికి పాలు పెట్టని ఏడు
అన్ని పాళ్ళూ అవే తిన్నయి.

సునావణి రోజు వానఖేడే సాబు
అందరికీ చాయ్ తెప్పిచ్చిండు.
మంచోడే. పేరు పేరున రాసుకున్నడు.
"జాగా మీదని రుజువేంది?"
నేను తెలుగుల తిప్పి చెప్పిన.

ఎల్లుబాయి ఇంటికి పొయ్యి
మోకు తెచ్చి బల్ల మీద పెట్టింది.
నిరుటి ఇసుక ఫైళ్ళ మీద రాలింది.
సాబు చెయ్యి ఎనక్కి తీసుకున్నడు,
మల్ల ఏమనుకున్నడో, ఒక ముడి ముట్టుకున్నడు.
"ఇదేంది?"
"గోమాస రాజుబాయి."
"ఇది?"
"వాళ్ళు చంద్రపూర్ బొగ్గుబాయిల పనికి పోయిండ్రు.
వస్తరేమోనని ఉంచినం."
"ఎన్నేండ్లాయె?"
"పదకొండు."

అందరు నా దిక్కు చూసిండ్రు.
ఇదంత మరాఠీల ఏమని చెప్పాలె?
"దోరీ" అన్న. తాడు.
నా పదేండ్ల చదువుకు అంతకంటె మాట దొరకలే.
రాసుకున్నరు: రుజువు, తాడు, ఒకటి.

వాయిదా పడ్డది. తారీకు మల్ల చెప్తమన్నరు.
బడి మెట్లు దిగుతుంటె ఎవ్వరూ నన్నేమనలే,
గదే ముల్లు లెక్క గుచ్చింది.

తెల్లారి నది కాడికి పోతె
ఇసుకల ఎర్రజెండాలు, సర్వేవోళ్ళు దిగ్గొట్టిన ఇనుప మేకులు.
అవతలి గట్టు తెలంగాణల ఎవరో బట్టలుతుకుతున్నరు,
సప్పుడు ఒక ఏటు ఆలశ్యంగ ఇటు వస్తున్నది.
ఎల్లుబాయి ఒక మేకును కాలితోని తన్ని చూసింది.
కదలలే.
"గట్టిగనే కొట్టిండ్రు, పాపం" అనుకుంట
మోకు కొస దానికే కట్టింది.

రెండో కొస నా చేతుల పెట్టింది.
"గుంజు."
తాడు అన్నదాన్ని నేనే గద.
గుంజిన.