మ్యాప్ మీద నూనె మరక

పెదవాల్తేరులో, నూకరత్నం మేడ మీద
ఉజ్బెకిస్తాన్‌ని పరిచాం.
నాలుగు మూలలా మా నాలుగు చెప్పులు.
గాలి ఊరుకోదు కదా.

సమర్కండ్ మీద ఒక వేరుశెనగ గింజ,
ఖీవా మీద ఒకటి.
బుఖారా మీద పెట్టినదాన్ని
మాటల్లో పడి నూకరత్నం నమిలేసింది.
"పోన్లే, రెండ్రోజులు మిగిలాయి" అంది.

ముప్పయ్యేళ్లు బుకింగ్ కిటికీ వెనక కూచుని
ఊళ్లన్నీ చిల్లరతో సహా
ఎవరెవరికో ఇచ్చేసినవాళ్లం.
ఇప్పుడు మా రైలు టైము రాసుకుంటుంటే
వేళ్లు వాటంతటవే
చిల్లర తడుముతున్నాయి.

"అక్కడ సముద్రం ఉండదటే."
"మరి నిద్దరెలాగ?"

డాల్ఫిన్స్ నోస్ దీపం
మమ్మల్ని ఓసారి తుడిచి పోయింది.

బజ్జీ నూనె ఎడారిలో
ఏ ఊరూ లేనిచోట ఇంకింది,
గుండ్రంగా, పసుపుగా, అచ్చం కోటలా.

అక్కడొక రాత్రి ఆగుదామని
రాసేశాను.