బుడగ

రాపూరు బస్టాండు ఎదురుగా నాది పంచర్ల అంగడి.
ట్యూబుకి గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి,
మెల్లగా తిప్పుతా కూర్చుంటే
యాడో ఒకచోట బుడగ లేస్తుంది.
అక్కడ అగ్గిపుల్ల గుచ్చుతాను.
పందొమ్మిదేళ్లుగా నా చదువు అంతే.

అందుకే చెన్నైలో, ఐసీయూ అద్దం ఇవతల నిలబడి,
నా బిడ్డ పక్కటెముకల్లోంచి దిగిన గొట్టం
మంచం కింద సీసా నీళ్లలో మునిగి
బుడగలు కక్కుతుంటే
నాకెవురూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.
ఇంకా గాలి పోతానే ఉండాది.
పెద్ద డాక్టరు ఇంగ్లీషులో అదే అన్నాడంట.

పెంచలికి పదకొండేళ్లు. ఇరవై కిలోలు.
రెండేళ్లు ఆక్సిజన్ సిలిండరు పక్కనే పడుకుంది,
పిల్లికూన మీద వేసినట్టు దాని మీద చెయ్యేసి.
పెద్దోళ్ల ఊపిరితిత్తులు పట్టవన్నారు.
అది నాకు తెలుసు,
పెద్ద చక్రం ట్యూబు చిన్న సైకిల్లో మడత పడుద్ది.
బిడ్డ కొలతది రావాలన్నారు.
సరేనని తలూపాను.

బిడ్డ కొలతది అంటే ఏందో
ఏడో నెలలో తట్టింది,
పెరుంబాక్కం అద్దె గదిలో, సాంబారన్నం ముద్ద
నోటి దాకా వచ్చినాక.
కంచం పక్కకి జరిపేశాను.
ఆ రాత్రి నించి పెంచలకోన సామికి ఏం మొక్కాలో తెలీక
నీ ఇష్టమని మాత్రం అంటా వచ్చాను.

రెండుసార్లు పిలిచి తిప్పి పంపారు.
వచ్చినవి బాగలేవంట.
ఆటోలో మాస్కు కిందకి లాగి అడిగింది:
'నాయనా, ఆ పాపవి కూడా పంచరేనా?'

మూడోసారి వాన.
గిండీ కాడ సిగ్నళ్లన్నీ ఆపి దారిచ్చారంట.
నేను చూళ్లేదు. సంతకాలు పెడతా ఉన్నా.

నర్సు సెల్వరాణి 'మూచ్చు, మూచ్చు' అని అరిస్తే
మూర్ఛ అనుకుని గోడ పట్టుకున్నాను.
ఊపిరి పీల్చమంటోందంట, అరవంలో.

తొలిరోజు బుడగలు ఆగనే లేదు.
మూడోరోజుకి దగ్గితేనే.
ఆరోరోజు నన్ను లోపలికి పంపారు, గౌనేసి, టోపీ పెట్టి.
'దగ్గు తల్లీ' అన్నాను. దగ్గింది.
'ఇంకోసారి.'
ట్యూబుని రెండో చుట్టు తిప్పినట్టు చూశాను.
లేదు.
గొట్టంలో నీటిమట్టం మాత్రం
ఆమె పీల్చినప్పుడల్లా వేలెడంత కదులుతోంది.

ఇచ్చినోళ్ల పేరు చెప్పరు. అడగగూడదంట.
నేను చక్రానికి ఐదు రూపాయలు తీసుకుంటాను, ఒట్టి గాలికి.
బడిపిల్లల కాడ కూడా తీసుకున్నాను.

ఇప్పుడు యాడో ఒక ఇంట్లో
చిన్న సైకిలు గోడకి ఆనించి ఉంటుంది.
చక్రాలు రోజుకింత దిగుతుంటాయి,
పంచరు లేకపోయినా ట్యూబులో గాలి నిలవదు, అది నాకు తెలిసిందే.
ఎవురూ కొట్టించడానికి తీసకపోరు.
ఆ సైకిలు రంగేందో తెలిస్తే బాగుండు
అనుకుంటాను. వద్దులే అనుకుంటాను.

తొమ్మిదోరోజు గొట్టం పీకడానికొచ్చారు.
లాగేటప్పుడు ఊపిరి బిగబట్టాలంట.
సెల్వరాణి మూడు వేళ్లు చూపించి
ఒక్కొక్కటే మడిచింది.
బిడ్డ బిగబట్టింది.
నేనూ.