బండి ఱ

ప్రెస్సు మూసేశాక జీతం బాకీ కింద
ఓనరు నాకు మూడు గోనెల అక్షరాలిచ్చాడు.
రెండు తెలుగువి, ఒకటి ఒడియాది.
రిక్షావాడు ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు:
"ఇనుమా గురువా?"
ఇనుమైతే బాగుణ్ణు, తేలిగ్గా ఉండేది.

బరంపురంలో ఇప్పుడు పెళ్లికార్డంటే
కుర్రాడు మౌసు తిప్పుతాడు.
నాకొచ్చింది తలకిందుల తెలుగు,
వేలికొసతో తడిమి చదివేది.

దానయ్య గోపాల్‌పూర్ బస్సు దిగి వచ్చాడు.
విసురు వలకి అంచు గుళ్లు కావాలి, నూట అరవై.
"బజార్లో అడిగితే సేపకన్నా సీసమే ఖరీదైపోనాది."
నా దగ్గరుంది, కరిగిస్తానన్నాను.
ఆ మాట నేనే అన్నాను, ఎవరూ అనిపించలేదు.

దొడ్లో మూడు ఇటుకలు, బొగ్గులు, ఇనప మూకుడు.
సత్యవేణి మనవరాల్ని పక్కింటికి పంపేసి
గాలి ఎటు వీస్తోందో చూసి
వంటింటి తలుపు గొళ్లెం పెట్టింది.
"ఆ మూకుడు ఇంక నా గడప తొక్కదు."
తనకి గుర్తుంది,
మా మేస్త్రి జోగినాథం చిగుళ్ల మీద నీలి గీత,
కాటుక పుల్లతో దిద్దినట్టు.
విరుగుడని రోజూ బెల్లం ముక్క చప్పరించేవాడు.
గీత పోలేదు. ఆయన పోయాడు.

మొదట రెండు దోసిళ్లు పోశాను.
చాలాసేపు ఏమీ కాదు,
అక్షరాలు అక్షరాల్లాగే కూర్చుంటాయి.
తర్వాత అడుగునెక్కడో ఒక కొమ్ము కూలబడుతుంది,
ఒక దీర్ఘం వాలుతుంది,
వత్తులన్నీ ఒక్కసారే.
నీళ్లలో మంచుగడ్డ తేలుతుంది.
సీసంలో సీసం మునుగుతుంది.
పైకి లేచింది వాసన:
కిరసనాయిలు, పాత సిరా,
ఎవరి శుభలేఖో, ఎవరి పెద్దకర్మో.

పైన బూడిదరంగు తెట్టు.
దానయ్య గరిటె ముంచబోయాడు. ఆగమన్నాను.
ఇప్పుడు తీస్తే మంచిదీ పోతుంది దాంతో.
సంతలో సవర మనిషి దగ్గర కొన్న గుగ్గిలం
గోలీకాయంత వేశాను.
పొగ. అగ్గిపుల్ల గీస్తే పచ్చటి మంట.
ఎండిన వేపపుల్లతో అడుగునుంచి కలియబెట్టాలి.
పచ్చి పుల్ల పెట్టావా, పేలుతుంది, కళ్లు పోతాయి.
గుగ్గిలం చేసే పని పిలవడమే:
బూడిదైపోయిన తగరాన్ని
మళ్లీ లోపలికి, ఇంట్లోకి.
రానిదే తెట్టు.
దాన్ని మూతున్న డబ్బాలో వేశాను,
కాలవలో పారబోయలేదు.

సముద్రపు నురుగంటారు, దానయ్య తెచ్చాడు,
కందవాయి చేప వెన్నులో ఉండే తెల్ల పెళుసు.
ఎండబెట్టి, రెండుగా కోసి, గుంటలు తొలిచి
మధ్యన చీపురుపుల్లంత ఇనప తీగ పెట్టాడు.
పోస్తే కాలిన వెంట్రుకల కంపు.

మొదటి గుండు చల్లారకముందే నోట్లో పెట్టుకున్నాడు.
తీసెయ్యి, అని అరిచాను.
"గట్టిది గురువా. పన్ను దిగాల, తాడుని పట్టాల."
నిజమే.
అచ్చుకి ఆంటిమొనీ కలుపుతారు,
వెయ్యి కాగితాలు నొక్కినా ముక్కు అరగకుండా.
గుండుకి ఆ పౌరుషం పనికిరాదు.
పళ్లతో కాదు పటకారుతో నొక్కుతానని ఒట్టేయించుకుని
మళ్లీ కరిగించాను, సగానికి సగం
బీచి బంగళా కూల్చినప్పటి పాత నీళ్ల గొట్టం.
అది మెత్తగా ఉంది, మనుషులు తాగిన సీసం.

చీకటి పడేసరికి నూట యాభై తొమ్మిది.
గొట్టం అయిపోయింది. గోనెలూ దులిపేశాం.
ఒకదానికి తక్కువ.

చొక్కా జేబులో బండి ఱలు ఉన్నాయి, గుప్పెడు.
పొద్దున్నే వేరు చేసి పెట్టుకున్నవి.
ముప్ఫై ఏళ్లలో ఆ గడిలోకి
నా చెయ్యి మూడుసార్లు వెళ్లుంటుంది.
'న'లన్నీ అరిగి చెవిటివైపోయాయి.
ఇవి ఫౌండ్రీ నుంచి వచ్చిన రోజులాగే ఉన్నాయి,
గోటికి గుచ్చుకునేంత.

దానయ్య జేబు వైపు చూడలేదు.
బస్సు ఆఖరిదని మాత్రం అన్నాడు.

గుగ్గిలం అయిపోయింది, కొవ్వొత్తి ముక్క వేశాను.

మర్నాటికి కబురు, ఎండు కవళ్లతో బాటు,
ఒడియా పేపర్లో చుట్టి:
"ఆకరి గుండు నొక్కితే నొక్కబడదేటి?"
చింతపండుతో మూడోసారి చేతులు తోముకుంటున్నాను.
పంపినవాడితో చెప్పాను,
అది వాడనిది, కొంచెం బలంగా నొక్కమను.