ఎండకు పెట్టొద్దట

నయీంనగర్‌ల పరుపుల దుకాణం.
చెప్పులు బయట ఇడిసి లోపటికి పోతే
ఏసీ సల్లదనం, దాని కింద ఒక వాసన,
డిపోల కొత్త టైర్లు దించిన పొద్దటి వాసన.

"పండుకోని సూడుండ్రి మేడం" అన్నడు పిల్లగాడు.
ఎట్ల పండుకుంట?
అద్దం అవుతల రోడ్డు,
రోడ్డు మీద నేను రోజూ టికెట్లు కొట్టే మనుషులు.

పండుకో, అన్నది నడుము.
ఇరువై రెండేండ్ల సర్వీసు దానిది.
ఏటూరునాగారం బస్సుల నిలవడి నిలవడి
పసర దాటినంక వచ్చే ఒక్కొక్క గుంతను
పేరు పెట్టి పిలిచేటి నడుము.

మొదటి పరుపు నన్ను మింగింది.
పక్కకు ఒత్తిగిలుదామంటే పక్కే దొరకలె.
రెండోది కొత్తగ వచ్చిన కంట్రోలర్,
ఎముకెముకకూ సంజాయిషీ అడిగింది.
మూడోది ఏమనలె.
భుజం తావున భుజమంత, తుంటి తావున తుంటంత
జరిగి జాగ ఇచ్చింది.

"చెట్టు పాలు మేడం, కేరళ నుంచి.
నురగ పొంగిచ్చి ఉడకబెడ్తరు.
ఈ బొక్కలు గాలి తిరగనీకి.
పదిహేను నిమిషాలు లేవకుండ్రి,
రెండు నిమిషాలల్ల ఏ పరుపైనా అబద్ధం చెప్తది."
పిల్లగాడు మంచోడే.

లేచి కూసోని పిడికిలి దించిన.
బాపు నేర్పిన లెక్క ఇది:
పిడికిలి దిగాలె, మోచెయ్యి దిగొద్దు.
చెయ్యి తీసినంక గుంత నిండనీకి
బీడీ దమ్ము కన్న ఎక్కువ పట్టొద్దు.
రబ్బరు దమ్ము గుంజనియ్యలె.
చెయ్యి తీసే లోపటనే నిండింది,
ఎవ్వరూ కూసోని సీటు లెక్క.

బాపు కమాను భుజాన ఏసుకోని
శాయంపేట, పరకాల, రేగొండ తిరిగినోడు.
నరం మీద దెబ్బ పడితే టంయ్‌మని
దూది లేచి మీసాల మీద, అన్నంల, నా జడల.
ఇంటింటికి మిగిలిన పిడికెడు పిడికెడే మా పరుపు.
ఎవరింటి దూది ఏ మూలకున్నదో ఆయనకు ఎరుకే.
"ఇటు తిరిగి పండుకోకు బిడ్డా,
ఇది పంతులమ్మ ఇంటిది, ముక్కు దిబ్బడ పట్టిస్తది" అనేటోడు.

"పాతది ఇస్తే రెండు వేలు తగ్గింపు మేడం. ఏ కంపెనీ?"
"దూదిది."
క్యాలిక్యులేటర్ మీద ఏలు ఆగింది.
"దూదికి స్కీము లేదు మేడం."

"ఇంకొక్కటి, దీన్ని ఎండకు పెట్టొద్దు.
ఎండ తాకితే పొడిపొడి రాలుతది."

నవ్వొచ్చింది నాకు.
ఓరుగల్లుల ఎండంటే భయపడే పరుపు!
మేము ఎండాకాలం కోసమే ఎదురుసూసేటోళ్లం,
నడింట్ల నుంచి మిద్దె మీదికి ఇద్దరం ఈడ్చుకపోయి
కట్టెతోని బాది బాది,
రాత్రికి అది కాల్చిన రొట్టె లెక్క పొంగితే
మొదట ఎవరు దుంకాలె అని నేనూ మా రంజాన్ తమ్ముడూ కొట్లాడి...

వద్దందామని తిరిగి సూస్తే
మా ఆయన సైదులు మూడో దాని మీద,
హెల్మెట్ పొట్ట మీద పెట్టుకోని,
నోరు తెరిచి, గుర్రు.
పదిహేను నిమిషాలు ఎప్పుడో అయిపోయినయి.
పిల్లగాడు లైటు తగ్గిచ్చిండు.

ఆరించులది, మీడియం.
పన్నెండు కిస్తీలు.
ముగ్గురు మోసిండ్రు మెట్ల మీద,
మెత్తటి ఏనుగును మోసినట్టు.

నిద్ర పడుతున్నది, అబద్ధమెందుకు.
గుంతలన్నీ నా నడుములనే ఉన్నయి గని
ఒక్కొక్కటి నిండుతున్నయి.

ఇయ్యాల మధ్యాహ్నం పాతదాన్ని మిద్దెక్కిచ్చిన.
ఎందుకే, అన్నడు సైదులు.
దానికి అలవాటు, అన్న.
తిరగేసి, బాది, పిడికిలి దించి తీసిన.
ఒక బస్సు పోయి ఇంకో బస్సు వచ్చేంత సేపు పట్టింది
గుంత నిండనీకి.
నెత్తి మీద ఎండ.
నిలవడి సూసిన,
ఇయ్యాల నాకు వీక్లీ ఆఫ్.